ప్లాట్‌లో తెల్ల గీతలు వస్తున్నాయా? డేటాని మార్చేముందు జూమ్ చేసి చూడండి

నిన్న రాత్రి మారతహళ్లిలో మా పీజీ పక్కగది తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. రాయలసీమ వానల మ్యాప్‌ని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) గీసి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే రంగుల పట్టీల మధ్య సన్నటి తెల్ల గీతలు. "అన్నా, డేటాలోనే గ్యాప్‌లున్నట్టున్నాయి, మొదటినుంచి మళ్లీ రన్ చేస్తా" అన్నాడు, పాపం బాగా టెన్షన్‌లో ఉన్నాడు. ఆగమన్నాను.

మీకూ ఇదే వస్తే ముందు బాగా జూమ్ చేయండి. ఎంత పెంచినా గీత అంతే సన్నగా ఉంటే అది ఫైల్‌లో లేదు. పక్కపక్కనున్న ముక్కల్ని వ్యూయర్ విడివిడిగా గీస్తూ, అంచులు నునుపుగా కనబడాలని ఒక్కోదాన్నీ వెనకున్న తెలుపుతో కాస్త కలుపుతుంది, ఆ తెలుపే మనకి గీతలా కనబడుతుంది. జూమ్‌తో పాటు గీత కూడా లావైతే మాత్రం నిజంగానే ఖాళీ ఉంది, అప్పుడు గ్రిడ్‌లో విలువలు ఎక్కడ తప్పిపోయాయో వెతకాలి.

మొదటి రకానికి మందు చిన్నదే: కాంటూర్‌ఎఫ్ (ఈ రంగుల పట్టీల్ని గీసే ఫంక్షన్) ఇచ్చిన ఆబ్జెక్ట్‌కి సెట్_ఎడ్జ్‌కలర్‌లో 'ఫేస్' ఇస్తే ప్రతి ముక్కకీ దాని రంగే అంచుగా వచ్చి సందు మూసుకుపోతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.8 వెర్షన్ నుంచి ఇది నేరుగా పనిచేస్తుంది, పాతదైతే కలెక్షన్స్ (ఆ ఆబ్జెక్ట్‌లోని పట్టీల జాబితా) మీద లూప్ తిప్పి ఒక్కోదానికీ పెట్టాలి. ఏ రంగుకి ఏ విలువో చూపించే కలర్‌బార్‌కి విడిగా పెట్టాలి, చాలామంది మర్చిపోయేది అదే. ఆల్ఫా (రంగుల పారదర్శకత) వాడి ఉంటే ఈ చిట్కా ఎదురుతిరుగుతుంది, అంచులు ఒకదానిమీద ఒకటి పడి ముదురు గీతలొస్తాయి, అందుకని ఆల్ఫా తీసేసి లేత రంగుల కలర్‌మ్యాప్ తీసుకోండి. పీకలర్‌మెష్ (గడి గడికీ రంగు వేసే ఫంక్షన్) అయితే నేను రాస్టరైజ్డ్‌ని ట్రూ చేసి డీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) 300 ఇస్తాను, రంగుల భాగం ఒక్కటే బొమ్మగా మారుతుంది, అక్షరాలు మాత్రం వెక్టర్‌గానే (ఎంత పెంచినా చెదరకుండా) ఉంటాయి, ఫైల్ కూడా తేలికవుతుంది.

అక్షరాల చుట్టూ మసక చుక్కలుంటే అది జేపెగ్ కంప్రెషన్ పని, పీఎన్‌జీగా సేవ్ చేయండి. పీఎన్‌జీ కూడా పోస్టర్ మీద గళ్లుగళ్లుగా వస్తోందంటే డీపీఐ చూసుకోండి: డిఫాల్ట్ సైజు 6.4, 4.8 అంగుళాలు, డీపీఐ 100, అంటే చేతికొచ్చేది 640 బై 480 పిక్సెళ్లే. దాన్ని 16 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 40 పిక్సెళ్లు మిగులుతాయి. ప్రింట్ షాపుకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.