ట్రాన్స్‌మిటర్ మరమ్మతు, 4వ పాఠం: ఫ్యూజు నిలవకపోతే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌దేనా?

పోయిన పాఠంలో డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్లు చూశాం. అవి బాగానే ఉన్నా స్విచ్ వేయగానే ఫ్యూజు కొట్టేస్తుంటే అనుమానం పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పోతుంది. విశాఖలో, అందులోనూ పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా తొందరగా పాడవుతుంది. ఉప్పు గాలికి ట్యాగులు (తీగలు టంకం వేసే కొసలు) చిలుము పట్టేస్తాయి మరి. అలాగని వెంటనే వైండింగ్ (తీగ చుట్టే) షాపుకి మోసుకెళ్లకండి.

ముందు ప్లగ్గు పీకండి. వాల్వు సెట్టయితే (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులున్నది) కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి మెరుపు చూడటం మొనగాడితనం కాదు. 10 కిలో ఓముల వైర్‌వౌండ్ రెసిస్టరుతో డిశ్చార్జి చేసి, మీటరుతో సరిచూసుకోండి. తర్వాత సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సెట్టుకి కరెంటు ఇచ్చే వైపు) తీగలన్నీ విప్పి, ప్రతి కొసకీ విడిగా స్లీవు తొడగండి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. అందుకే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల భాగం) చేసిన తప్పుకి ట్రాన్స్‌ఫార్మర్ బలవుతుంది.

ఇప్పుడు మల్టీమీటరు. ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే వైపు) కొన్ని ఓములు చూపిస్తుంది, హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టుల) వైండింగ్ పదులు, వందలు. వాల్వుల్ని వేడిచేసే ఫిలమెంట్ వైండింగ్ దాదాపు సున్నా చూపిస్తుంది, దాన్ని షార్టనుకోకండి. హెచ్‌టీ వైండింగ్ మధ్యలోంచి తీసిన తీగ, అంటే సెంటర్ ట్యాప్ నుంచి ఒకవైపు 62, రెండోవైపు 68 వచ్చినా కంగారొద్దు. పైపొరల్లో చుట్టిన సగానికి తీగ ఎక్కువ పడుతుంది.

మీటరు తెగిన తీగను పట్టిస్తుంది కానీ, వేల చుట్లలో రెండు మూడు ఒకదానికొకటి అంటుకుంటే దానికి తెలియదు. ఆ చుట్లే బోలెడంత కరెంటు లాగి కాలిపోతాయి. వాటిని పట్టేది సిరీస్ బల్బు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని ప్రైమరీకి సిరీస్‌లో పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ మంచిదైతే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది, లేదా సన్నగా ఎర్రబడి ఊరుకుంటుంది. పెద్ద సైజుదైతే 100 వాట్లది వాడండి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే చుట్లు షార్టయినట్టే. ఈ సమయంలో హెచ్‌టీ కొసలు ప్రాణాంతకం, చెయ్యి దగ్గరికి పోనివ్వకండి.

ప్లగ్గు తీశాక చివరగా 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు). ప్రైమరీకీ కోర్‌కీ మధ్య, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య వంద మెగా ఓములు దాటితే నిశ్చింత. వానాకాలంలో ఒకటో రెండో చూపిస్తే పారేయకండి. ఎండలోనో, వెచ్చని గదిలోనో బాగా ఆరబెట్టి మళ్లీ చూడండి. అంకె పెరిగితే అది చెమ్మే. ఎంత ఆరినా పెరగకపోతే రీవైండింగే గతి, వార్నిష్ బాగా పట్టించమని గట్టిగా చెప్పండి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి తుఫానుకి తడిసిన సెట్టుకైతే మెగ్గర్ చూడకుండా కరెంటు ఇవ్వనే ఇవ్వకండి.

వచ్చే పాఠానికి అభ్యాసం: పాత 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌ (సెంటర్ ట్యాప్‌కి అటూ ఇటూ 12 వోల్టులిచ్చేది) ప్రైమరీని సిరీస్ బల్బుకి కలిపి, సెకండరీ బయటి కొసలు రెండూ తాకించి బల్బు చూడండి. రెండు సెకన్లు మించొద్దు.