ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటే: మా ఇంట్లో డీబీ (కరెంటు పంచే డబ్బా) చోటు మార్చాక తగ్గింది

వాన పడితే చాలు, మా ఫ్లాట్‌లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపే స్విచ్) ట్రిప్ అయి పడిపోయేది. గీజర్ తీసేశాం, ఆర్‌సీసీబీ మార్చాం, ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించాం, లాభం లేదు.

విచిత్రమేంటంటే, ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే చిన్న బ్రేకర్లు) ఆపినా పడేది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే కట్ చేస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది, లీకేజీ న్యూట్రల్‌లో ఉన్నా ఆర్‌సీసీబీ పడొచ్చు. అందుకే ఎలక్ట్రీషియన్ మీటర్ దగ్గర ఫ్యూజులు పీకి, న్యూట్రల్ వైర్లకు నంబర్లు చుట్టి, ఒక్కొక్కటీ ఊడదీసి మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఎర్త్‌కు లీకేజీ ఉందేమో చూశాడు. వైర్లన్నీ బాగున్నాయి. వైర్లు తీసేసిన న్యూట్రల్ లింక్‌కీ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) డీబీ ఇనప డబ్బాకీ మధ్యే లీకేజీ! వెనక గోడంతా చెమ్మ. డీబీ ఉన్నది వంటింటి సింక్ పైన మరి. అక్కడ పెట్టకూడదని వైరింగ్‌కు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 732లో ఉంది. మా బిల్డర్‌కు అక్కడే గోడ దొరికింది.

హాల్లో పొడి గోడకు కొత్త డబ్బా బిగించాం, దాని ఎదుట ఒక మీటరు దూరం ఖాళీ వదిలి. పొడవు చాలని వైర్లకు అతుకులు వేయకుండా కొత్తవే లాగించాం. తర్వాత మళ్లీ మెగ్గర్, ఆపైనే కరెంటు.

ఈ వానాకాలంలో ఆర్‌సీసీబీ ఇంకా ఒక్కసారీ పడలేదు. మీ ఇంట్లో కారణం గీజర్ కాయిలే కావచ్చు, గోడ పగలగొట్టేముందు మెగ్గర్ పెట్టించండి.