తేలినీలాపురం ప్రయాణానికి ముందు ఫోన్‌లో చేసుకోవలసిన పని
శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే వలస పక్షులను శీతాకాలంలో పిల్లలకు చూపించి, ఆ చుట్టుపక్కల ఒక రాత్రి గుడారంలో గడపాలనుకునేవారు, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌నూ అందులోని మన ప్రాంతపు పక్షుల సమాచార ప్యాక్‌నూ ఇంట్లో ఉండగానే దించుకుంటే, అక్కడ సిగ్నల్ లేకపోయినా అది పనిచేస్తుంది. బడిలో ఇచ్చిన ట్యాబ్‌లో బయటి యాప్‌లు ఎక్కకపోవచ్చు కనుక ఇంటి ఫోనే మేలు. అక్కడికి వచ్చే పెలికాన్ పక్షి ముక్కు పైభాగపు అంచున వరుసగా ఉండే నీలి మచ్చలను, బైనాక్యులర్‌కు ఫోన్ కెమెరాను ఆనించి పిల్లల చేతనే ఫొటో తీయించండి. దానికి గూళ్ల లెక్క, చూసిన సమయం జతచేస్తే సైన్సు ప్రాజెక్టుకు అంతకంటే మంచి సరుకు దొరకదు. ఫ్లాష్ వాడనివ్వవద్దు, గూళ్ల దగ్గర రికార్డు చేసిన కూతలు వినిపించవద్దు. గుడారాన్ని గూళ్లకు దూరంగా, అనుమతి ఉన్న మెరక మీదే వేయాలి. చీకటి పడ్డాక చిత్తడి దోమలు ఎలాగూ ఫోన్ చూడనివ్వవు.