‘చెయ్యి’ అనే మాట ఎక్కడ ఏ అర్థమిస్తుందో ఎలా పోల్చుకోవాలి?

ఇంట్లో తెలుగు వింటూ పెరిగినా చదవడం ఆలస్యంగా నేర్చుకున్న పిల్లలు ‘అతను నాకు చెయ్యిచ్చాడు’ అన్న వాక్యం చూసి, సాయం చేశాడేమో అనుకోవడం సహజం. నమ్మించి తీరా సమయానికి మోసగించాడని దాని అర్థం. సాయపడినవాడు చేయందిస్తాడు, లేదా చేయూతనిస్తాడు. ‘చేయి’ అంటే హస్తమని నిఘంటువులో చూసుకొని ఊరుకుంటే ఈ తేడా తెలియదు కనుక, ఆ మాట పక్కన ఏమున్నదో ఒక క్రమంలో పరిశీలించాలి.

మొదట అది నామవాచకమో, క్రియో తేల్చుకోండి. ‘ఆ పని చెయ్యి’ అన్నప్పుడు అది ‘చేయు’ ధాతువుకు ఆజ్ఞారూపం. ‘చేతులు’ అని బహువచనంలోకి మార్చగలిగితే అది అవయవం పేరు.

తరువాత రూపం చూడండి. ప్రత్యయాలు చేరినప్పుడు ఈ మాట ‘చేతి’ అవుతుంది, సమాసాల్లో తరచుగా ‘చే’గా కుదించుకుపోతుంది: చేవ్రాలు అంటే సంతకం, చేబదులు అంటే పత్రమేదీ లేకుండా కొద్దికాలానికి తీసుకొనే అప్పు. అయితే ‘చే’తో మొదలయ్యే ప్రతి మాటనూ దీనికి ముడిపెట్టకూడదు, చేంతాడు నీళ్లు చేదే తాడు, దానిలో చెయ్యి లేదు. ‘మేస్త్రీచేత గోడ కట్టించారు’ అన్నప్పటి ‘చేత’ తృతీయా విభక్తి ప్రత్యయం, వాడుకలో అక్కడ ‘తో’ అంటాము.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది పక్కనున్న క్రియపై. చేయి చాచడం యాచించడం, చేయి చేసుకోవడం కొట్టడం, చేయి తడపడం లంచమివ్వడం, చేయి తిరగడం నైపుణ్యం సంపాదించడం. వచనం మారినా అర్థం మారవచ్చు: ‘అతనిపై చెయ్యెత్తాడు’ అంటే కొట్టబోయాడని, ‘చేతులెత్తేశాడు’ అంటే ఇక తనవల్ల కాదన్నాడని. ఒక్కొక్కసారి క్రియ కూడా చాలదు. ‘గదిలో ఒంటరిగా ఉంటూ చేతులు కాల్చుకుంటున్నాడు’ అంటే తానే వండుకుంటున్నాడని, ‘వ్యాపారంలో చేతులు కాల్చుకున్నాడు’ అంటే నష్టపోయాడని, పొయ్యి దగ్గర ‘చెయ్యి కాల్చుకుంది’ అంటే నిజంగానే కాలిందని. ఇటువంటిచోట వాక్యమంతా చదివాకే అర్థం నిర్ణయించుకోవాలి.

మీరు స్వయంగా వాడేటప్పుడు మాత్రం మెప్పుకూ నిందకూ మధ్యనున్న గీతను గమనించండి. ‘చేయి తిరిగిన వంటవాడు’ గొప్ప ప్రశంస. ‘చేతివాటం చూపిన వంటవాడు’ అంటే దొంగతనం అంటగట్టినట్టే. అదే మాట ముందు ‘ఎడమ’ చేరి ‘ఎడమచేతివాటం బ్యాటర్’ అయితే ఏ దోషమూ లేదు. చేతికి ఎముక లేదనడం వైకల్యాన్ని చెప్పడం కాదు, దానగుణాన్ని మెచ్చుకోవడం.

విన్న ప్రయోగాన్ని రాసిపెట్టుకునేటప్పుడు అర్థం ఒక్కటే కాక, అన్నవారి వాక్యాన్ని పూర్తిగా రాసుకోండి. ‘పంట చేతికొచ్చింది’, ‘కొడుకు చేతికి అందివచ్చాడు’ అనే రెండింటినీ పక్కపక్కన రాసి చూస్తే, మొదటిదానిలో కోత పూర్తయి ఫలసాయం ఇంటికి చేరడం, రెండవదానిలో పెరిగిన బిడ్డ తల్లిదండ్రులకు ఆసరా కావడం ఏ వివరణా లేకుండానే కనిపిస్తాయి.