తాటిచెట్టు పక్కన ఓరియన్: చలికాలపు చుక్కలను ఫోన్‌తో ఫొటో తీయడం ఎలా?

చుక్కల ఫొటోలంటే లడఖ్ పోవాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. దేవరకొండ, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఏదో ఒక ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు చెలకల్లోకి పోతే సరిపడా చీకటి దొరుకుతుంది. హైదరాబాద్ వెలుగంతా ఉత్తరం దిక్కున ఉండిపోతుంది, మనకు కావలసిన చుక్కలేమో తూర్పున పొడుస్తాయి.

ఖరీదైన కెమెరా కంటే టైమ్ ముఖ్యం. ఓరియన్ అనే చుక్కల గుంపు నడినెత్తికి దగ్గరగా వచ్చాక తీస్తే ఫ్రేమ్‌లో చుక్కలు తప్ప ఇంకేమీ ఉండదు, ఎక్కడ తీసినా ఒకేలా ఉంటుంది. పొడిచేటప్పుడు తీయండి. డిసెంబర్ మధ్యలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తూర్పున చూస్తే ఓరియన్ నడుము దగ్గరి మూడు చుక్కలు దాదాపు నిలువుగా కనిపిస్తాయి. ఆ గీతను పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకా పైన పిల్లలకోడి, అంటే కృత్తిక. కిందికి పొడిగిస్తే అప్పుడే పైకొచ్చిన సిరియస్ అనే బాగా మెరిసే చుక్క. ఫోన్‌ను నిలువుగా పెడితే ఇదంతా దాదాపు ఒక్క ఫ్రేమ్‌లో పడుతుంది, కింద ఒక తాటిచెట్టో గుట్టబండో ఉంటే అది నల్గొండ ఫొటో అయిపోతుంది. జనవరిలో చీకటి పడేసరికే ఇవన్నీ పైకెక్కి ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు.

గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య చూసుకుని, దానికి అటూ ఇటూ నాలుగు రోజుల్లో పెట్టుకోండి. మిర్యాలగూడ వైపు సాగర్ ఆయకట్టులోనూ, చెరువుల పక్కనా మంచు కురిసి లెన్స్ చెమ్మగిల్లుతుంది, మెట్ట చెలకలే నయం. పగటిపూట ఒకసారి పోయి చోటు చూసుకోవాలి, ఎందుకంటే గట్టు లేని బాయిలు చీకట్లో కనబడవు. ఎవరి చెలకైతే వాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లండి, లేకపోతే మోటార్ల దొంగ అనుకుంటారు! శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక అడవి బాగా చీకటిగా ఉంటుంది కానీ అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు, ఆ ఆలోచన మానుకోండి.

ఇక సెట్టింగులు. ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి ప్రో మోడ్ తెరవండి, 1ఎక్స్ మెయిన్ కెమెరానే వాడండి. ఫోకస్ ఇన్ఫినిటీ (అంటే అతి దూరానికి), ఐఎస్ఓ (వెలుతురు పట్టే సున్నితత్వం) 1600, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 దగ్గర, వీలుంటే రా ఫార్మాట్ (ఫోన్ మార్పులు చేయని అసలు ఫైలు). వేలు తగిలి కదలకుండా టైమర్ 5 సెకన్లు పెట్టండి. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలి అన్న దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు పెట్టొచ్చో వస్తుందని అందరూ చెప్పే లెక్క, 25 ఎంఎం ఫోన్ లెన్స్‌కు 20 సెకన్లు. ఓరియన్‌కు అది పనికిరాదు. ఆ మూడు చుక్కలు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీదే ఉన్నట్టు లెక్క, భూమి తిరగడం వల్ల అక్కడి చుక్కలే అన్నిటికంటే వేగంగా జరుగుతాయి, 20 సెకన్లకు చిన్న గీతలైపోతాయి. 500 బదులు 300 వేసుకుని 10-12 సెకన్లలో ఆపండి. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరాకు 50 ఎంఎం లెన్స్ ఉంటే అది 75-80 ఎంఎం లెక్కన పనిచేస్తుంది కాబట్టి 3-4 సెకన్లే. కెమెరావాళ్లు ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో సిరియస్‌ను పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కగా కనిపించేదాకా రింగ్ తిప్పాలి.

ఒకే ఫొటోతో తృప్తి పడకుండా కదిలించకుండా వరసగా ఇరవై తీసి, ఇంటికొచ్చాక సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలపండి. విండోస్ కంప్యూటర్లకు ఉచితంగా దొరుకుతుంది, గింజలు గింజలుగా కనిపించే నాయిస్ చాలావరకు తగ్గుతుంది, మూడు చుక్కల పక్కన ఓరియన్ నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) చిన్న మసక మచ్చలా బయటపడుతుంది.

ఎడిటింగ్‌లో ఆకాశాన్ని ఊదా రంగు చేసేస్తుంటారు, నాకైతే అది అస్సలు నచ్చదు. ఓరియన్‌లోని పెద్ద చుక్కల్లో ఆరుద్ర నారింజ ఎరుపు, రైజెల్ నీలం తెలుపు. ఈ తేడా నిలిచేలా కాంట్రాస్ట్ కొద్దిగా పెంచి వదిలేయండి. అసలు ఫైళ్లు కూడా దాచుకోండి. 2019 చివర, 2020 మొదట్లో ఆరుద్ర కంటికి తెలిసేంత మసకబారింది, అలాంటిది మళ్లీ జరిగితే పక్కన పెట్టి చూసుకోవడానికి మీ పాత ఫొటోలే పనికొస్తాయి.