థర్మల్ ప్లాంటు ప్రజాభిప్రాయ సేకరణకు బొమ్మలు, బ్యానర్లతో వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

• అందరూ గేటు బయటే ఉండిపోవద్దు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న నిబంధన లేదు. పది మందే వచ్చినా ఈ ప్రజాభిప్రాయ విచారణ జరిగినట్టే. డప్పు బయట మోగనివ్వండి, మాట్లాడేవాళ్లు మాత్రం లోపల ఉండాలి.

• అభ్యంతరం రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. బొమ్మ ఎంత బాగున్నా ఫైల్లోకి వెళ్లేది కాగితమే.

• చివరిదాకా కూర్చోండి. మీరు చెప్పిన అంశాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. బూడిద చెరువు, చేపల వేట, తంపర (నీరు నిలిచే పల్లపు) భూములు, ఏది వదిలేసినా అక్కడే లేచి చేర్పించాలి. తర్వాత సరిదిద్దించడం చాలా కష్టం.

• నోటీసుకూ విచారణకూ మధ్య కనీసం 30 రోజులు ఉన్నాయా? తేదీలు లెక్కపెట్టండి. తక్కువైతే అదే మొదటి అభ్యంతరం.

• బ్యానర్‌కు కర్రలు వద్దు, గుడ్డ అంచున తాడు కుట్టండి. కర్ర కనిపిస్తే తోపులాటకు సాకు దొరుకుతుంది. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు వ్యతిరేక ఆందోళన పోలీసు కాల్పులదాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ బారికేడ్లకు దూరంగా ఉంచండి.

• అక్షరం అర అడుగుకు తగ్గకూడదు. వరుసల మధ్య ఖాళీ వదలండి. పై వరుస వత్తులు కింది గుడులకు తగిలితే దూరం నుంచి చదవలేం.

• థర్మల్ ప్లాంటు బూడిదతో ముగ్గు వేయొద్దు. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బొమ్మకు కావాలంటే ఎన్95 మాస్కు పెట్టుకుని, ముందు తడిపి, జిగురులో కలపండి.

• గోడ మీద రాయాలంటే యజమాని రాతపూర్వక అనుమతి.