ఇంజిన్ వేడెక్కకుండా థర్మోస్టాట్, కూలెంట్ పైపుల అమరికను మార్చుకునే విధానం

టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్ర గీతను తాకిందనగానే చాలామందికి మొదట తోచే ఉపాయం థర్మోస్టాట్‌ను పీకి పారేయడం. నా పాత కారుకు కూడా ఒక మెకానిక్ ఆ పనే చేశాడు. ఆ తర్వాత సమతలమైన రోడ్డు మీద ముల్లు పావు వంతు దాటేది కాదు గానీ, ఎత్తు ఎక్కడం మొదలైతే మునుపటికంటే వేగంగా ఎర్ర గీతకు చేరేది. చివరికి విసిగిపోయి థర్మోస్టాట్ మూతను నేనే విప్పాను. లోపల థర్మోస్టాట్ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది, దాని అడుగున బొటనవేలంత బైపాస్ రంధ్రం నోరు తెరుచుకుని ఉంది. రేడియేటర్‌కు వెళ్లవలసిన నీళ్లలో చాలా భాగం ఆ దగ్గరి దారిలో తిరిగి ఇంజిన్‌లోకే వెళ్తోంది.

థర్మోస్టాట్ ఇంజిన్‌ను చల్లబరచదు. అది వేడిని బట్టి తెరుచుకునే తలుపు మాత్రమే. దాని లోపలి ఇత్తడి గుళికలో మైనం ఉంటుంది. ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే నీళ్ల మిశ్రమమైన కూలెంట్ వేడికి మైనం కరిగి వ్యాకోచించి, ఒక కడ్డీని నెట్టి, కవాటాన్ని తెరుస్తుంది. థర్మోస్టాట్ మీద 82 అని చెక్కి ఉంటే ఆ ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందని, సుమారు 95 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటుందని అర్థం చేసుకోవాలి. చాలా ఇంజిన్లలో దీనికి రెండు బిళ్లలు ఉంటాయి: పై బిళ్ల రేడియేటర్ దారిని తెరుస్తున్నప్పుడు కింది బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. మొత్తాన్ని తీసేస్తే రెండు దారులూ తెరిచే ఉంటాయి కనుక నా కారుకు పట్టిన గతే పడుతుంది. 82కు బదులు 71 డిగ్రీలది బిగిస్తే తలుపు ముందుగా తెరుచుకుంటుందే తప్ప, రేడియేటర్ వదిలించగలిగే వేడి ఏమాత్రం పెరగదు. పైగా ఇంజిన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కకపోవడం వల్ల ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచిపోతుంది, కంప్యూటర్ ఉన్న వాహనాలలో పి0128 అనే లోపం నమోదవుతుంది. అందువల్ల తయారీదారు సూచించిన ఉష్ణోగ్రతకు అయిదారు డిగ్రీలకు మించి తగ్గించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కంప్యూటర్ ఆదేశంతో విద్యుత్తు ద్వారా తెరుచుకునే రకం థర్మోస్టాట్ ఉంటే దానిని మామూలు రకంతో మార్చనే కూడదు.

స్పానర్ పట్టే ముందు ఇంజిన్ ఎప్పుడు వేడెక్కుతోందో గమనించాలి. బండి నిలిచి ఉన్నప్పుడే వేడెక్కి, కదలగానే చల్లబడుతుంటే లోపం ఫ్యాన్‌లో ఉంటుంది. వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కుతుంటే రేడియేటర్ పూడిపోయిందేమో, రేడియేటర్ నుంచి పంపుకు నీళ్లు తెచ్చే కింది పైపు నొక్కుకుపోతోందేమో చూడాలి. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన నిమిషంలోపే ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వేడి నీళ్లు తీసుకెళ్లే పై పైపు రాయిలా బిగుసుకుంటే, సిలిండర్ల పైన సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని, సిలిండర్ల వాయువు కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. అప్పుడు ఇక్కడ చెప్పబోయే మార్పులేవీ పనికిరావు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి ఉంచడం అవసరం, ఎందుకంటే కొన్ని వాహనాలలో తాళం తీసేసినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు. దించిన కూలెంట్‌ను వెడల్పాటి పాత్రలో పట్టి, వెంటనే మూత పెట్టాలి. అది తియ్యగా ఉండే విషం. కుక్కలు, పిల్లులు తాగితే బతకడం కష్టం.

కొత్త థర్మోస్టాట్‌ను కూడా పరీక్షించకుండా బిగించకూడదు. దాని కవాటం అంచులో ఒక దారాన్ని ఇరికించి, గిన్నెలోని నీళ్లలో అడుగును తాకకుండా వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ ఉంచి, సన్నటి మంట మీద వేడి చేయాలి. కవాటం కదిలిన క్షణంలో దారం పట్టు వదిలి థర్మోస్టాట్ జారి పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ చూపేదే అది తెరుచుకునే ఉష్ణోగ్రత. చెక్కిన అంకెకు రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే ఫర్వాలేదు. నీళ్లు మరిగే స్థితికి వచ్చాక బయటికి తీసి చూస్తే కవాటం సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకుని ఉండాలి. అంతకంటే బాగా తక్కువ తెరుచుకునేది కొత్తదైనా పక్కన పెట్టడమే మేలు.

ఇక అసలైన మార్పు, చిన్నదే అయినా బాగా ఫలించేది, గాలి పోయే దారి. కొన్ని థర్మోస్టాట్‌ల అంచులో ఊగులాడే చిన్న పిన్ను ఉంటుంది. దాని పక్కనుంచి గాలి తప్పించుకుంటుంది. అలాంటిది లేకపోతే అంచు మీద 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి వేసి, అంచులను నునుపుగా ఆకురాయితో రుద్ది, బిగించేటప్పుడు ఆ రంధ్రం సరిగ్గా పైభాగాన ఉండేలా చూడాలి. దీనివల్ల థర్మోస్టాట్ కింద ఆవిరి బుడగ నిలిచిపోదు. బుడగలో చిక్కుకున్న మైనపు గుళికకు నీటి వేడి తగలదు కనుక కవాటం ఆలస్యంగా తెరుచుకుంటుంది, కారణం తెలియని ఓవర్‌హీటింగ్ ఫిర్యాదులకు ఇదీ ఒక మూలం కావచ్చు. రంధ్రం పెద్దదైనా, ఎక్కువ రంధ్రాలు వేసినా ఇంజిన్ వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది.

స్ప్రింగ్, గుళిక ఉన్న వైపు ఇంజిన్ వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే కవాటం తెరుచుకోక ఇంజిన్ నిమిషాలలో ఉడికిపోతుంది. అల్యూమినియం ముఖాన్ని ఉలితో గీకకుండా ప్లాస్టిక్ ముక్కతో శుభ్రం చేసి, కొత్త రబ్బరు రింగు వేసి, బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఈ చోట సాధారణంగా ఉండే 6 మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బలం చూపిస్తే అల్యూమినియంలోని మరలు ఊడి వస్తాయి.

థర్మోస్టాట్ ఉన్న స్థానాన్నే మార్చే పద్ధతి కూడా ఒకటి ఉంది. షెవ్రొలే పాత తరం స్మాల్ బ్లాక్ వి8 వంటి ఇంజిన్లలో అది వేడి నీళ్లు బయటికి వచ్చే చోట ఉంటుంది. సుబారు ఈజే ఇంజిన్లలో పంపులోకి నీళ్లు వెళ్లే చోట ఉంటుంది. రెండో రకంలో కొందరు దానిని తీసి, పై పైపును మధ్యలో కోసి, అక్కడ విడి గూడులో కొత్త థర్మోస్టాట్‌ను పెడతారు. ఇలా చేస్తే రెండు సంగతులు చూసుకోవాలి: పాత బైపాస్ రంధ్రాన్ని మూయాలి, కానీ కవాటం మూసి ఉన్నప్పుడు నీళ్లు తిరిగే మరో చిన్న దారి తప్పక ఉండాలి. హీటర్ పైపులు సాధారణంగా ఆ దారిని ఇస్తాయి. వాటి మధ్యలో కుళాయి లాంటి వాల్వ్ ఉంటే ఇవ్వవు. పైగా ఆ గూడు ఇంజిన్‌కు వీలైనంత దగ్గరగా లేకపోతే నిలిచిన చల్లటి నీళ్లలోనే గుళిక మునిగి ఉండి, అవతల ఇంజిన్ మరిగిపోతున్నా స్పందించదు. ఈ లెక్క స్పష్టంగా తెలియనివారు ఈ మార్పు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పైపులలో ఎక్కువ శ్రద్ధ కోరేది కింది పైపు. పంపు పీల్చే బలానికి మెత్తబడిన పైపు లోపలికి నొక్కుకుపోయి నీటి దారిని సగం మూసేస్తుంది. ఇంజిన్ ఆగగానే మామూలుగా కనిపిస్తుంది కనుక లోపం దొరకదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఒకరు యాక్సిలరేటర్ నొక్కి నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఉంచితే, మరొకరు చేతులు, బట్టలు బెల్టుకు దూరంగా ఉంచి పైపును చూడాలి. నొక్కుకుపోతుంటే అదే వంపుతో అచ్చు పోసిన కొత్త పైపు వేసి, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రింగ్ పెట్టాలి. పాత పైపును రేడియేటర్ ప్లాస్టిక్ గొట్టం మీద నుంచి లాగకుండా బ్లేడుతో పొడవుగా కోసి ఒలిచేస్తే రేడియేటర్ ముక్కు విరగదు. గొట్టాల కొలతలు వేరుగా ఉంటే లావు నుంచి సన్నానికి మారే పైపు వాడాలి గానీ, వదులుగా ఉన్న పైపును క్లిప్పుతో పిండి సరిపెట్టకూడదు. పై పైపు రేడియేటర్ వైపు ఎక్కడా గూని లేకుండా సాగాలి, ఎందుకంటే మూత కంటే ఎత్తుగా లేచిన ప్రతి వంపులోనూ గాలి చేరుతుంది. ఇంజిన్ తన దిమ్మెల మీద ఊగుతుంది కనుక పైపుకు కాస్త సడలింపు ఉండాలి.

సిలికాన్ పైపులు వేడిని బాగా తట్టుకుంటాయి గానీ, ఆయిల్, పెట్రోల్ తగిలితే పాడవుతాయి. గాడులు కోసిన మామూలు స్క్రూ క్లిప్పు వాటి చర్మాన్ని చీలుస్తుంది. లోపలి వైపు నునుపైన క్లిప్పు గానీ, బిగువు తనంతట తాను సర్దుకునే స్ప్రింగు క్లిప్పు గానీ వాడాలి. ఏ పైపుకైనా క్లిప్పు గొట్టం మీది ఉబ్బెత్తు గీతకు వెనుక, అంటే గొట్టం మొదలు వైపు కూర్చోవాలి, ముందు, అంటే కొస వైపు కాదు. ఎక్కించేటప్పుడు గ్రీజు రాయకుండా కూలెంట్‌తో తడిపితే చాలు.

డిస్టిల్డ్ వాటర్, నీళ్లు కలపని కూలెంట్ సమపాళ్లలో కలిపిన మిశ్రమం మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. మూత 1 బార్ పీడనం నిలిపితే 125 దాటే వరకు మరగదు. అలాగని ఎక్కువ బార్ మూత వేయడం, కూలెంట్ పాలు 60 శాతం దాటించడం రెండూ పొరపాట్లే. మొదటిది బలహీనమైన పైపును పగలగొడుతుంది, రెండోది వేడిని మోసే శక్తిని తగ్గిస్తుంది.

నింపేటప్పుడు బండి ముందు భాగాన్ని కొంచెం ఎత్తుగా నిలిపి, హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పి, గాలి విడిచే స్క్రూ ఉంటే వదులు చేసి, సన్నటి ధారగా పోయాలి. మధ్య మధ్య పై పైపును చేత్తో పిసికితే బుడగలు గుటగుటమంటూ పైకి వస్తాయి. ఆ స్క్రూ నుంచి నురగ లేని ధార రాగానే దానిని బిగించి, మూత పెట్టి, బ్యాటరీ తీగను మళ్లీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. పై పైపు ఉన్నట్టుండి వేడెక్కితే కవాటం తెరుచుకున్నట్లు తెలుస్తుంది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం చూసి తక్కువైనంత పోయాలి. కూలెంట్ ట్యాంకు పక్కన ఒక టేపు ముక్క అంటించి మట్టాన్ని గుర్తు పెట్టుకుంటే మర్నాడు ఉదయం ఎంత దిగిందో తేలిగ్గా తెలుస్తుంది. కొత్త రబ్బరు వేడికి కొంత అణుగుతుంది కనుక, సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజిన్ మీద స్క్రూ క్లిప్పులన్నిటినీ మరో అర చుట్టు బిగించి చూసుకోవాలి.